రేకుల గదిలో మంత్రగాడు

మనిషి సొమ్మసిల్లి పడిపోతే మీరు ముందు కారణాన్ని వెతుకుతారా, దయ్యాన్ని వెతుకుతారా?

నా చిన్నప్పుడు, లింగంపేటలో మా పక్కింటి అక్క బెంగళూరుకు పోయి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి కుదిరింది. ఎండాకాలంలో ఒకరోజు ఆమె, ఆమె వరుసలోని మరికొందరు ఆడపిల్లలు మిషన్ల మీదే సొమ్మసిల్లారు. ముందు పడింది అక్కే కాబట్టి దయ్యం పట్టింది ఆమెకేనని సూపర్‌వైజరు తేల్చేశాడు. వదిలించుకుని వస్తేనే పని అని ఇంటికి పంపేశాడు.

బీడీలు చుట్టి ఇల్లు నడిపే వాళ్ళమ్మ భయపడి మంత్రగాణ్ని పిలిపించింది. దయ్యం ముద్ర పడితే అక్కకు అక్కడ పనీ ఉండదు, ఊళ్ళో మర్యాదా ఉండదు. అక్క ఏడవలేదు. ఆయన చెప్పినట్టే కూర్చుంటానని, అయితే ఆయనా తన పక్కనే కూర్చోవాలని షరతు పెట్టింది. కిటికీ లేని తమ రేకుల గదిలో, తలుపు మూసుకుని, పొద్దు వాలేదాకా, చుక్క నీళ్ళు లేకుండా. ఫ్యాక్టరీలో వాళ్ళు అలాగే ఉండేవారట. నీళ్ళు తాగితే మూత్రానికి లేవాలి, లేస్తే కుట్టాల్సిన పీసుల లెక్క తగ్గిందని అందరి ముందూ తిట్లు. అందుకని ఆడపిల్లలు నీళ్ళే మానేశారు. దయ్యాలను కట్టేసేవాడికి ఇదొక లెక్కా అని మంత్రగాడు నవ్వి ఒప్పుకున్నాడు.

పిల్లలం తలుపు సందులోంచి చూశాం. మొదట మంత్రాలు వీధిదాకా వినిపించాయి. ఎండ ముదిరేసరికి సగం మాటలు మింగేస్తున్నాడు. ఆ తర్వాత మంత్రం ఆగిపోయింది.

“నీళ్ళియ్యి బిడ్డా.”

“లేసుడు లేదు కాకా. పీసులు తక్కువైతయి.”

కాసేపటికి ఆయన కళ్ళు తేలేసి గోడకు ఒరిగాడు. అక్క తలుపు తీసి, ఆయన్ని వసారాలోకి మోయించి, దిష్టి తీయడానికి ఆయనే తెచ్చిన నిమ్మకాయలను ఉప్పునీళ్ళలో పిండి తాగించింది. తేరుకున్నాక మెల్లగా అడిగింది.

“ఏంది కాకా, నీకు గూడ సోకిందా?”

వాకిలంతా నవ్వింది. అందరికన్నా పెద్దగా వాళ్ళమ్మ నవ్వింది.

అక్క తిరిగి పనికి పోయింది. దయ్యం పోయిందా అని సూపర్‌వైజరు అడిగితే పోయిందనే చెప్పిందట. జరిగినదంతా తన వరుసకు చెప్పింది. మర్నాడు అందరూ నీళ్ళ సీసాలు మిషన్ల పక్కన పెట్టుకుని, ఒకేసారి తాగి, ఒకేసారి లేచారు. ఒక పిల్లను ఇంటికి పంపవచ్చు, వరుసనంతా ఎవరు పంపగలరు? పని ఆగేసరికి కొద్ది రోజుల్లోనే ఫ్యాన్లు వచ్చాయి, తాగునీళ్ళు వచ్చాయి. ఆ ఫ్యాక్టరీలో దయ్యం మళ్ళీ కనబడలేదు.

ఇప్పటికీ ఎవరైనా దయ్యం పట్టిందంటే, నేను ముందు ఆ గదికి కిటికీ ఉందో లేదో చూస్తాను. మీ ఊరి నుంచీ ఏదో ఒక పిల్ల కుట్టుపనికి పోయే ఉంటుంది. ఈ పూటే ఆమెకు ఫోన్ చేయండి. పనిచేసే చోట నీళ్ళు తాగనిస్తున్నారా అని అడగండి. లేదని చెబితే ఊరుకోకండి, ఆమె తరఫున నోరు విప్పండి.