కొత్తోని లాగిన్

మా కంప్యూటర్ సార్ పోయారు. మంథని నుంచి ఆయన భార్య ఫోన్ చేసి, "మీ సార్ పోయిండు బిడ్డా" అన్నారు.

తొంభైల చివర్లో కరీంనగర్‌లో ఆయన దగ్గర యూనిక్స్ నేర్చుకున్నాను. ల్యాబ్‌లో మెషీన్లు ఒక్కోటి ఒక్కో కంపెనీవి, ఒకదాని పద్ధతి ఇంకోదానికి గిట్టదు. ప్రోగ్రాం నడవకపోతే మేం స్క్రీన్‌ను తిట్టేవాళ్లం. ఆయన సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ, "దాన్నెందుకు తిడుతవ్? ఏడేడ దేవులాడిందో, ఏది దొరకలేదో అడుగు" అనేవారు.

ప్రతి మెషీన్ మీదా 'కొత్తోడు' పేరుతో ఒక లాగిన్ పెట్టారు. దానికి పాస్‌వర్డ్ లేదు, ఏ సెట్టింగూ లేదు. మన లాగిన్‌లో ప్రోగ్రాం ఎంత బాగా నడిచినా ఆయన లెక్కచేయరు. కొత్తోని లాగిన్‌లో నడవాల్సిందే. నాకది ఒట్టి చాదస్తం అనిపించేది, ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను కూడా. నవ్వి చాయ్ అందుకున్నారు.

నా మొదటి పని ఉట్నూర్ దగ్గర ఒక హాస్టల్లో, సీట్లు వచ్చిన పిల్లల జాబితా తీయడం. సార్ తోడు వచ్చారు, ఆ మెషీన్ మీదా కొత్తోని లాగిన్ పెట్టించారు. అక్కడి మెషీన్‌కు అర్థమయ్యేలా ప్రోగ్రాం మళ్లీ కంపైల్ చేశాను. నా లాగిన్‌లో చక్కగా నడిచింది. ఇక కొత్తోడెందుకని గర్వంగా లేచాను. గుమస్తా తన లాగిన్‌లో నొక్కగానే 'లైబ్రరీ దొరకలేదు' అని వచ్చింది. లైబ్రరీ అంటే చాలా ప్రోగ్రాంలు పంచుకుని వాడుకునే ఫైలు.

వరండా నిండా అడవి ఊళ్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులు. ఆఖరి జీపు వెళ్లేలోగా జాబితా గోడకెక్కాలి. లేకపోతే పిల్లల్ని వెనక్కి తీసుకుపోతారు, మళ్లీ తెస్తారన్న నమ్మకం లేదు. "మా పోరి పేరున్నదా బాయీ?" అని ఒకాయన కిటికీలోంచి అడుగుతున్నాడు. మా ల్యాబ్‌లోని లినక్స్ మెషీన్‌లో లైబ్రరీల చోట్లన్నీ ఒక పట్టీలో రాసి ఉంటాయి. ఆ పట్టీ కోసం వెతికాను. ఈ మెషీన్‌కు అలాంటిదే లేదు.

సార్ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "పది ఇండ్లకు ఒక్క రోకలున్నదనుకో. నీ ప్రోగ్రాంకు రోకలి పేరే ఎరుక, ఎవరింట్ల ఉన్నదో ఎరుక లేదు. నువ్వు నీ లాగిన్ల చెప్పుకున్నవ్. గీయనకెవరు చెప్పాలె?"

"ఈయన లాగిన్‌లో కూడా రాయనా సార్?"

"రేపు ఇంకొకలు కూసుంటరు. ఇల్లేదో ప్రోగ్రాంలనే రాయి."

లైబ్రరీ ఉన్న చోటును ప్రోగ్రాంలోపలే రాసి, మళ్లీ కంపైల్ చేశాను. ఆయన కీబోర్డు ముట్టలేదు. ఈసారి ఎవరూ చెప్పకుండానే కొత్తోని లాగిన్ తెరిచి నడిపాను. ప్రింటర్ గరగరమంది. ఆ పోరి పేరు మూడో వరసలో ఉంది.

తిరుగు బస్సులో తిట్టలేదు. "మనం లేనప్పుడు నడుస్తనే అది పని బిడ్డా" అన్నారంతే. నేను ఈనాటికీ ఆ మాట మీదే బతుకుతున్నాను.

మొన్న మంథని వెళ్లాను. సార్ భార్య ఆయన కంప్యూటర్ చూపించి, "ఫోటోలన్నీ గిండ్లనే ఉన్నయట. తాళం మాట ఎవ్వలికి చెప్పలే. ఎట్ల బిడ్డా?" అన్నారు. ఆమె పరేషాన్ అంతా ఆ ఫోటోల గురించే. ఆయన పాస్‌వర్డ్ నాకూ తెలియదు. ఊరికే లాగిన్ పేరు దగ్గర 'కొత్తోడు' అని కొట్టి చూశాను.

తెరుచుకుంది. స్క్రీన్ మీద, ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్క తెలుగు వాక్యం: 'ఫోటో అని కొట్టు, ఫికర్ చేయకు.'

నేను లేచి కుర్చీ ఆమెకిచ్చాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, చూపుడు వేలితో ఆమే కొట్టారు. సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ సార్ స్క్రీన్ నిండా వచ్చారు.

"గిది నేనే తీసిన" అన్నారామె.