ఊపిరి కొలిచే మిషన్ దగ్గర నా బొంకు

నాకు కీళ్లవాతం వచ్చి ఆరేళ్లయింది. పోయినేడు మెట్లెక్కితే ఆయాసం, విడవని పొడిదగ్గు మొదలయ్యాయి. మా అమ్మాయి భీమవరంలో ఊపిరితిత్తుల డాక్టరుగారికి చూపించింది. స్కానింగు చూసి ఆయన, "ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే తిరగబడిందండీ. కీళ్లని కొట్టింది చాలక ఊపిరితిత్తుల జోలికొచ్చింది" అన్నారు.

"అంటే మా ఆడపడుచులాగన్నమాటండి. మా తిండి తిని మమ్మల్నే పీకుతుంది."

ఆయన నవ్వారు. మా అమ్మాయి నవ్వలేదు, మేనత్త పోలిక. నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ అదే. ఈ ముక్క కొట్టెయ్యనని ఒట్టు వేయించుకున్నాను.

స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టిన రెండు నెలలకి నా బుగ్గలు పూరీల్లా పొంగాయి. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "ఏంటొదినా, అన్నయ్య పోయి మూడేళ్లయిందో లేదో బుగ్గలొచ్చేశాయి! ఏం తింటున్నావేంటి?" అంది. ఆ మాట గుచ్చుకుంది. మర్నాటి నుంచి ఆ మాత్ర గుటుక్కున మింగినట్టు నటించి, పూలకుండీలో పడేసేదాన్ని.

మళ్లీ చూపించుకునే రోజు వచ్చింది. ఊపిరి లెక్క బాగా తగ్గితే ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టాలని డాక్టరుగారు ముందే చెప్పారు. గొట్టం తగిలించుకుని గుంజకి కట్టేసిన గేదెలా కూర్చోవడం నావల్ల కాదు. అందుకే టెస్టు చేసే అమ్మాయి ముక్కుకి క్లిప్పు పెట్టి "గట్టిగా ఊదండి" అనగానే ప్రాణం పెట్టి ఊదాను. మొదటిసారి వాళ్లు నేర్పింది ఎప్పుడో మర్చిపోయాను. నాకు తెలిసిన ఊదడం ఒకటే, కట్టెల పొయ్యి దగ్గర ఊదుగొట్టంతో ఊదేది. ఫూ, ఫూ, ఫూ.

"అలా కాదు మామ్మగారూ! ఒకటే ఊదు, ఆఖరిదాకా. పొయ్యి రాజేస్తున్నారేంటండీ?"

"మరెలా ఊదాలమ్మా? తాగి బండి నడిపి పోలీసులకి దొరికిన అలవాటు లేదు నాకు!"

గుమ్మంలో వంతు కోసం నిలబడ్డవాళ్లు పగలబడి నవ్వారు. నాలుగోసారికి కుదిరింది.

కాగితం చూసి డాక్టరుగారి మొహం మారింది. "తగ్గిందండీ. మాత్రలు వేసుకుంటున్నారా?"

"నాకు ఊదడం రాలేదండి, అందుకే" అని బొంకాను.

"నాలుగోసారి చక్కగానే ఊదారు. ఊపిరే లేదు."

ఇంకో బొంకు సిద్ధంగానే ఉంది. నోరు తెరిస్తే దగ్గొచ్చింది, ఆగలేదు. అది తగ్గాక బుగ్గల సంగతి చెప్పేశాను.

"స్టెరాయిడ్ అలా ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదకొస్తుందండీ!" అని కసిరారు. తర్వాత మెత్తబడి, "తోడుగా ఇంకో మాత్ర ఇస్తాను. అది పని మొదలెట్టాక దీన్ని మెల్లగా నేనే తగ్గిస్తాను. మూడు నెలలు చూసి ఆక్సిజన్ సంగతి తేలుద్దాం" అన్నారు.

ఆ మూడు నెలలూ మా అమ్మాయి నా చేత మాత్ర మింగించి, నాలుక ఎత్తించి చూసేది. మళ్లీ ఊదాను. లెక్క పెరగలేదు, తగ్గనూ లేదు.

"ఈ జబ్బులో అది మంచి కబురేనండీ. ఇప్పటికి ఆక్సిజన్ అక్కర్లేదు" అన్నారాయన.

ఆ మిషన్ కోసమని అమ్మాయి నా మంచం పక్కన ఖాళీ చేయించిన చోట టీవీ పెట్టించుకున్నాను.