పాడు చీటీలు రాసిన రోజు

టీచరు ట్రైనింగు ముగించి నేను మొదట ఉద్యోగంలో చేరింది పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఒక చేపలవాళ్ల పల్లెలో. అరవైల మొదట్లో సంగతి. నాకప్పుడు ఇరవై ఏళ్లు. నెల్లూరికి పడమర, వరి పొలాల మధ్య పుట్టి పెరిగినదాన్ని. సూళ్లూరుపేట దాకా రైల్లో, అక్కడి నుంచి ఎడ్లబండిలో, చివరికి పడవలో ఆ పల్లెకు చేరాను. నీళ్లెక్కడ ఆగిపోయాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియక, పడవ అంచు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

బడి అంటే తాటాకు పాక. ఒక బల్ల, ఒక కుర్చీ, పాతికమంది పిల్లలు. లెక్కలూ తెలుగూ ఎలాగో నడిచాయి. సాంఘిక శాస్త్రం దగ్గరికొచ్చేసరికి మాత్రం నా గొంతు నాకే పరాయిగా వినిపించేది. పుస్తకంలో ప్రభుత్వం ఒక పాఠం, వర్తకం ఒక పాఠం, పండుగలూ మతాలూ ఇంకో పాఠం. నేను చదివేదాన్ని, వాళ్లు నీళ్లవైపు చూసేవాళ్లు.

"ప్రభుత్వం అంటే ఏమిటి?" అని ఒకరోజు అడిగాను.

ముందు వరసలో కూర్చున్న పిల్ల లేచి, "పడవలో వచ్చి, మన చెట్లు లెక్కబెట్టుకోని పోతాడే, ఆ బంట్రోతు గదా టీచరమ్మా?" అంది.

నవ్వొచ్చింది గానీ, ఇంతకంటే మంచి జవాబు నా దగ్గరా లేదు. మా ఊళ్లో ప్రభుత్వం అంటే మునసబూ కరణమూ. కాలవ నీళ్లు వదిలినప్పుడు ఎక్కువ పొలం ఉన్నవాడి మడి ముందు తడిసేది. అది న్యాయమో కాదో ఎవరూ అడగగా నేను వినలేదు.

కార్తీకం దాటింది. వానలు వెనకబట్టాయి. ఒక సాయంత్రం ఊరి పెద్ద బడి దగ్గరికొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, నడుం వంగలేదు. గుమ్మం బయటే నిలబడి, "రేపు పిలకాయలు రారమ్మా. పాడు వేస్తాం. నువ్వూ రావాల" అన్నాడు.

మా వైపు పాడు అంటే చెడిపోవడమే. నా మొహం చూసి ఆయన నవ్వాడు. "పాడంటే వంతమ్మా. ఈ నీళ్లల్లో వల కట్టేదానికి మేలైన తావులు కొన్నే ఉండాయి. ఇళ్లేమో నలభై. ఏ తావు ఎవురికో చీటీ వేసి తేలుస్తాం. ఏడు తిరిగినాక మళ్లీ చీటీనే. ఇన్నాళ్లూ రాసినాయనకు చూపు పోయింది. నువ్వు రాయాల."

"నాకు మీ ఇళ్లూ తెలియవు, తావులూ తెలియవు. నేనెందుకండీ?"

"అందుకే. నీకీడ చుట్టం లేదు, పక్కం లేదు. నీ చెయ్యి ఎవురిపక్కా ఒరగదు."

మర్నాడు పొద్దున గంగమ్మ గుడి ముందు ఇసకలో ఊరంతా కూర్చుంది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు గుడిసెల నీడన ఇంకో పక్క. పూజారి కర్పూరం వెలిగించాడు. ఒక్కొక్కరే వచ్చి మంట మీద చెయ్యి పెట్టి, పడిన తావును కాదనమని ఒట్టు పెట్టుకున్నారు. ఒట్టు తప్పినవాడికి దురాయి అని నా పక్కనున్న ముసలామె చెవిలో చెప్పింది. అంటే ఊళ్లో నిప్పు కూడా ఇవ్వరట. నా ముందు రెండు కొత్త కుండలు పెట్టారు. ఒకదానిలో ఇంటి చీటీలు, రెండోదానిలో తావుల చీటీలు. సముద్రం నీళ్లు సరస్సులోకి వచ్చే మొగ దగ్గరి తావులు అన్నిటికంటే మేలైనవి. నాచు తిప్ప దగ్గరివి అన్నిటికంటే నాసి. వాళ్లు చెబుతుంటే రాసి, మడిచి, కుండల్లో వేస్తున్నాను.

ఒక ఇంటి వంతు దగ్గర రాత ఆగింది. ఆ ఇంటాయన రెండు నెలల కిందట జ్వరంతో పోయాడు. భార్యా ఇద్దరు ఆడపిల్లలూ మిగిలారు. పోయినాయనకు పినతండ్రి కొడుకు ఒకతను లేచాడు. "వల కట్టే మొగోడు లేని ఇంటికి చీటీ ఎందుకు? ఒక తావు ఊరికే పోతాది. నా ఇంట్లో తొమ్మిది నోళ్లుండాయి" అన్నాడు. అతని గొంతులో దుర్మార్గం లేదు, అవసరం ఉంది.

పెద్దాయన తీర్పు చెబుతాడనుకున్నాను. ఆయన మాత్రం వెనక కూర్చున్న ఒక కుర్రవాడివైపు చెయ్యి చూపించాడు. మీసం సరిగా మొలవని ఆ కుర్రవాడు లేచి తనకు తోచింది చెప్పి కూర్చున్నాడు. తర్వాత అతనికంటే కాస్త పెద్దవాడు. అలా వయసు ప్రకారం కిందినుంచి పైకి వస్తోంది మాట.

"ఇదేంది, చిన్నవాళ్లు ముందా?" అని ముసలామెను అడిగాను.

"పెద్దోళ్లు ముందు చెప్తే చిన్నోళ్లకు నోరు లేస్తాదా తల్లీ?" అంది, ఇది కూడా తెలియదా అన్నట్టు.

మా ఇంట్లో మా నాయన మాట్లాడాక మా అన్నలు మాట్లాడటం నేనెన్నడూ చూడలేదు.

సగం మంది ఇవ్వాలన్నారు, సగం మంది వద్దన్నారు. అప్పుడు పెద్దాయన ఆడవాళ్లలో కూర్చున్న ఆ ఇంటామె వైపు తిరిగి, "నువ్వేమంటావు మే?" అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. చంకలో చిన్నపిల్ల. "ఒక్కటే అడగతాను పెద్దయ్యా. చీటీ మొగోడికా, పొయ్యికా? మా ఆయన పోయినాడు. నా పొయ్యి ఆరిపోలేదు గదా."

పెద్దాయన మళ్లీ మగవాళ్ల వైపు తిరిగి, "మా తాత నాటినుంచి పొగ లేచే ఇంటిని లెక్కబెట్టేవాళ్లమే గాని, మొగోళ్లను లెక్కబెట్టింది లేదు. ఆ పొగ ఈ పొద్దు గూడా లేస్తాండాది. ఇంకెవురన్నా కాదంటారా?" అన్నాడు. కాదన్నవాళ్లు లేరు. వంతులేసుకుని ఆమె వల ఊరే కట్టాలనీ, పడిన దాంట్లో కట్టినవాడికి సగం, ఆమెకు సగం అనీ తేల్చారు.

"ఎవరి పేరు రాయాలి?" అని అడిగాను. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె తన పేరు చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. ఆ రోజు మాత్రం, బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో, పరీక్షలో కూడా అంత జాగ్రత్తగా రాయలేదేమో, రాసి మడిచి కుండలో వేశాను.

మూడేళ్ల పాప చేత చీటీలు తీయించారు. పెద్దాయన ఇంటికి నాచు తిప్ప పడింది. ఆయన పెద్దగా నవ్వి, ఆ చీటీ తలపాగాలో దోపుకున్నాడు. ఆమెకు మంచిదీ కాని చెడ్డదీ కాని నడిమి తావు వచ్చింది. ఆమె వల ముందుగా కట్టే వంతు, చీటీ వద్దని వాదించినతనికే పడింది. అతను మారు మాట్లాడకుండా మర్నాడు తెల్లవారుజామునే ఆమె వల భుజాన వేసుకుని పోయాడు. పొద్దెక్కాక ఆమె గుమ్మంలో రెండు కుప్పలు పోశాడు. "ఏ కుప్ప గావాలో నువ్వే తీసుకో" అని పక్కకు జరిగి నిలబడ్డాడు.

ఆ రోజు బడిలో పుస్తకం తెరవలేదు. "నిన్న గుడి దగ్గర ఏం జరిగిందో చెప్పండి" అన్నాను. అంతవరకు నోరు మెదపని పిల్లలు ఒకరి మీదొకరు పడి చెప్పారు. మొదటి రోజు పడిన చేపల్లో ప్రతి ఇల్లూ గంగమ్మకు ఒక వంతు తీస్తుందట. ఆ వంతుతోనే కొలుపు చేస్తారట, చేతకాని ముసలివాళ్లకు గింజలిస్తారట.

"ఈ బడి తాటాకు గూడా గంగమ్మ వంతే టీచరమ్మా" అన్నాడొకడు.

నేను తలెత్తి కప్పు చూశాను. పుస్తకంలో నేను విడివిడిగా చదివించినవన్నీ ఒక్కటై, ఆరు నెలలుగా నా నెత్తికి నీడనిస్తున్నాయి.

కొన్నాళ్లకు పెద్దాయన ఒడ్డున వల బాగు చేసుకుంటుంటే అడిగాను. "ఈ పద్ధతి ఎవరు పెట్టారు? ఎంత గొప్ప మనిషో!"

ఆయన సూది ఆపకుండానే చెప్పాడు. "గొప్పోళ్లెవురూ పెట్టలేదమ్మా. మొగ తావు కోసరం మా ముందటోళ్లు తెడ్లతో తన్నుకున్నారు. మా తాత తమ్ముడు ఆ నీళ్లల్లోనే పోయినాడు. తలకాయలు పగిలి పగిలి, అప్పుడు కూచోని మాట్లాడుకోను నేర్చుకున్నారు. గంగమ్మను మధ్యలో ఎందుకు పెట్టినామంటావు? మా మీద మాకు నమ్మకం చాలక."

ఆయన పక్కన ఇసకలో చతికిలబడి, ఆయన వేళ్లు తెగిన వలకన్నును ఎలా ముడివేస్తున్నాయో చూస్తూ ఉండిపోయాను.

ఆ పల్లెలో నాలుగేళ్లు పనిచేశాను. ఏటా చీటీలు నేనే రాశాను. ఆఖరి ఏడు ఇంటి చీటీల కుండలో ముగ్గురు ఆడవాళ్ల పేర్లున్నాయి. వాటి గురించి ఎవరూ వాదించలేదు.