గాబరా కాదు, ఘబ్రాహట్

మా ఇంట్లో కంప్యూటర్‌ను చంపింది నేను, బతికించింది మా ఆవిడ. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పేస్తే మిగతాది తీరిగ్గా చెప్పుకోవచ్చు.

నేను ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో, రికార్డు సెక్షన్‌లో పనిచేస్తాను. మాకు ఏటా వీడింగ్ అనే పని ఒకటి ఉంటుంది. కాలం తీరిన ఫైళ్లను ఏరి, పైవాళ్ల సంతకం తీసుకుని చింపించడం. వీడింగ్ అంటే కలుపు తీయడమే. ఇరవై ఏళ్లు ఆ పని చేసి చేసి నా చూపే అలా తయారైంది. ఏ కాగితం కనబడినా ముందు తేదీ చూస్తాను, ఆఖరున ఎవరు తెరిచారో చూస్తాను. ఎవరూ తెరవని ఫైలు బీరువాలో ఉండి ఎవరిని ఉద్ధరించాలి?

ఆ శనివారం కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని, జాగా నిండిపోయిందని మా అమ్మాయి విసుక్కుంది. ఇది మన శాఖే కదా అని కూర్చున్నాను. లోపలికి వెళ్లి చూస్తే ఒక ఫోల్డర్‌లో వేల ఫైళ్లు. పేర్లు నోరు తిరగనివి, తేదీలు ఏళ్ల కిందటివి. మా ముగ్గురిలో ఏ ఒక్కరూ వాటిని తెరిచిన పాపాన పోలేదు. తీసేద్దామంటే అనుమతి లేదని అడ్డుపడింది. ప్రభుత్వోద్యోగికి అనుమతి లేదన్న మాట కొత్తా? ఫోన్‌లో ఏదో వీడియో చూసి నా అనుమతి నేనే మంజూరు చేసుకున్నాను. పాతవన్నీ ఏరి తీసేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. పని సగంలో వదిలే రకాన్ని కాదు మరి.

ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆన్ చేస్తే నీలం తెర వచ్చింది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ నీలం తెరే. అమ్మాయి తొంగి చూసింది. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం హిందీలోనే.

"పాపా, ఆప్‌నే సిస్టమ్ ఫైల్స్ ఉడా దీ?"

నేను ఎగరగొట్టినవి కంప్యూటర్‌ను నడిపే సిస్టమ్ ఫైళ్లట. కలుపు అనుకుని పైరు పీకానని అప్పుడు తెలిసింది. అమ్మాయి ట్యూషన్‌కు వెళ్లిపోయింది. ఆ కంప్యూటర్‌లోనే మా ఆవిడ ఫైలు ఉంది.

మా ఆవిడ ఇక్కడి పెద్దాసుపత్రిలో నర్సు. మా కోస్తా జిల్లాల నుంచి ప్రతి బ్యాచ్‌లోనూ కొందరు అమ్మాయిలు ఉద్యోగానికి వస్తారు. ఇక్కడి మునిర్కా పేటలో ముగ్గురు నలుగురు కలిసి ఒక గది తీసుకుంటారు. వాళ్లకు పని వస్తుంది, ఇంగ్లీషు వస్తుంది, రోగి చెప్పుకునే హిందీ రాదు. వాళ్ల కోసం ఆవిడ నాలుగేళ్లుగా, డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, రోజుకో మాట టైపు చేస్తోంది. రోగి ఏమంటాడు, తెలుగులో దాని అర్థమేమిటి, అప్పుడు మనమేం చేయాలి. సోమవారం ఆరుగురు కొత్తవాళ్లు చేరుతున్నారు. తలా ఒక కాపీ ఇస్తానని మాటిచ్చింది. పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టండి అని నన్ను రెండుసార్లు అడిగింది కూడా. ఇంట్లో ఉన్నది ఎక్కడికి పోతుందిలే అన్నాను. రైల్వే స్టేషన్లో అమ్మే ముప్పై రోజుల్లో హిందీ లాంటిదే కదా అనుకుని, ఆ ఫైలు నేనెన్నడూ చదవలేదు.

ఆవిడ వంటింట్లోంచి వచ్చి తెర చూసింది, తర్వాత నన్ను చూసింది.

"ఏం చేశారు?"

"నేనేం చేయలేదు. దానంతట అదే ఆగింది."

మా ఆఫీసులో మొదటి జవాబు ఎప్పుడూ అదే. ఆవిడ కుర్చీ లాక్కుని, కాగితం, పెన్ను తీసుకుంది.

"ఏవండీ, నేను అరవను, తిట్టను. ఏం తీశారు, ఎప్పుడు తీశారు, ఆ తర్వాత ఎన్నిసార్లు ఆన్ చేశారు? నిజం చెప్పండి. ఇక్కడ అబద్ధమాడితే పేషెంటుకే నష్టం."

అన్నీ చెప్పేశాను. ఆవిడ తలెత్తకుండా రాసుకుంది. ఇంతలో నేను మార్కెట్లో కంప్యూటర్ షాపతనికి ఫోన్ చేశాను.

"ఫార్మాట్ కర్ దేంగే సర్, సబ్ నయా హో జాయేగా."

"ఔర్ హమారీ ఫైలేఁ?"

"వో తో జాయేంగీ." అన్నీ తుడిచేసి కొత్తగా చేస్తాడట, మా ఫైళ్లు మాత్రం పోతాయట.

"జ్వరం వచ్చిందని మనిషినే మార్చేస్తామా? వద్దని చెప్పండి" అంది ఆవిడ, పెన్ను ఆపకుండానే.

ఆ తర్వాత తన ఫోన్‌లో అరగంటసేపు చదివింది. తెలియని మాట వస్తే దాని కింద గీత గీసుకుంది. చివరికి ఫోన్ నా చేతికిచ్చి, "మీరు చదవండి, నేను కొడతాను" అంది. కంప్యూటర్ అలా ఆగిపోయినప్పుడు రిపేరు మెనూ ఒకటి వస్తుంది. అందులో నల్లటి తెర తెరిచి, పాడైన సిస్టమ్ ఫైళ్లను వెతికి సరిచేయమని ఒక లైను టైపు చేయాలి. నేను గబగబా చదివాను. ఆవిడ ప్రతి అక్షరం పైకి అని, నేను ఊ అన్నాకే నొక్కింది. డాక్టరు ఫోన్‌లో మందు చెబితే నర్సులు తిరిగి అప్పజెప్పి వింటారట. అది వాళ్ల పద్ధతి.

"ఇక్కడ ఖాళీ ఉందా?"

"ఖాళీదేముంది, ఉంటేనేం, లేకపోతేనేం?"

"డోసులో దశాంశం చుక్క ఒక్కటి అటూ ఇటూ జరిగితే మందు పదింతలవుద్దండీ. చూసి చెప్పండి."

చూశాను. ఖాళీ ఉంది. చదవడంలో నేనే దాన్ని మింగేశాను.

ఎంటర్ కొట్టబోయి మళ్లీ ఆగింది. "ముందు పేషెంటు ఎవరో చూసుకోవాలి" అని ఆ లైను చెరిపి ఇంకో ఆజ్ఞ కొట్టి చూసింది. ఆ మెనూలో డ్రైవుల అక్షరాలు, అంటే కంప్యూటర్ లోపలి అరల పేర్లు, ఒక్కోసారి మారిపోతాయట. సి అనుకున్నదాంట్లో మావేవీ లేవు. మా ఫోల్డర్లన్నీ డి లో ఉన్నాయి. "చూశారా, మంచం మారింది" అని లైను మొత్తం డి పేరుతో మొదటినుంచీ రాసింది. నేనైతే ఈపాటికి నాలుగుసార్లు ఎంటర్ కొట్టి, రెండుసార్లు బల్ల గుద్ది ఉండేవాణ్ణి.

ఎంటర్ కొట్టాక ఏమీ జరగలేదు. కాసేపు పడుతుందని ఒక వాక్యం, దాని కింద మినుకుమినుకుమంటూ ఒక గీత. పావుగంటకే నా చేయి స్విచ్ వైపు వెళ్లింది. ఆవిడ ఆ చేతిలో చిక్కుడుకాయల గిన్నె పెట్టింది. ఇద్దరం ఈనెలు తీస్తూ కూర్చున్నాం. ప్రతి పావుగంటకూ ఆవిడ కాగితం మీద టైము వేసి 'మార్పు లేదు' అని రాసింది. నాలుగేళ్ల కష్టం అందులో ఉంది, అయినా నన్ను ఒక్క మాట అనలేదు. ఈ మనిషి చేతిలో పడిన రోగులు అదృష్టవంతులని ఆ చిక్కుడుకాయల దగ్గర కూర్చుని అనుకున్నాను. పెళ్లయిన ఇరవై రెండేళ్లకు!

గంట దాటాక, పాడైన ఫైళ్లు దొరికాయి, సరిచేశాం అని ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. ఆపి ఆన్ చేస్తే తెర మీద అమ్మాయి చిన్నప్పటి ఫోటో నవ్వుతోంది. నేను చప్పట్లు కొట్టాను. ఆవిడ మాత్రం ముందుగా పెన్‌డ్రైవ్ పెట్టి కాపీ తీసుకుంది.

"అప్పుడే డిశ్చార్జ్ లేదు. మీరు కనిపెట్టుకుని ఉండండి, టీ పెడతాను. తాగి జియా సరాయ్‌లో జెరాక్స్ షాపుకు వెళ్లి కాపీలు తీయించుకు రండి, పొద్దున్నే ఇవ్వాలి."

కనిపెట్టుకుని కూర్చున్నవాణ్ణి ఊరికే ఉండలేక ఆ ఫైలు తెరిచాను. మొదటి మాట ఇది:

'ఘబ్రాహట్. రోగి "జీ ఘబ్రా రహా హై" అంటే మన గాబరా కాదు, గుండెల్లో ఏదో అదోలా ఉందని. భయపడుతున్నాడని అనుకోవద్దు. గుండె కావచ్చు. కూర్చోబెట్టండి, నాడి చూడండి, డాక్టర్‌ని పిలవండి. ధైర్యం తర్వాత చెప్పవచ్చు. నేను ఢిల్లీ వచ్చిన మొదటి నెలలో ఒక పెద్దాయన నాతో ఈ మాట అన్నారు. ఘబ్రాయియే మత్ అంకుల్, కంగారు పడకండి అని చెప్పి, నీళ్లిచ్చి, పక్క మంచం దగ్గరకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆయన లేరు. మీరు ఈ మాట తప్పు వినకూడదు.'

ఈ సంగతి ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు. డ్యూటీ ఎలా జరిగిందని నేనెప్పుడూ అడగలేదు. ఆ పెద్దాయన కోసం ఇన్నేళ్లుగా రాస్తున్నదాన్ని నేను ఒక్క పూటలో చింపించబోయాను. సిగ్గేసింది. కళ్లు నిండాయి.

ఆవిడ టీ కప్పులతో వచ్చి నిలబడింది. "ఏంటండీ, అలా ఉన్నారు?"

కళ్లు తుడుచుకుని, "జీ ఘబ్రా రహా హై" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కప్పులు కింద పెట్టింది. కుర్చీలో వెనక్కి ఆనించి కూర్చోబెట్టింది. నా మణికట్టు మీద వేళ్లు పెట్టి గడియారం వైపు చూసింది. పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాక గానీ, "ఏం లేదు, కంగారు పడకండి" అనలేదు.