మక్కపిండి సంచి సారు

నాచారంల నేను సంచులు కోసే మిషన్ మీద పనిచేసేటప్పుడు మాకు ఒక కెమిస్ట్ సారు ఉండె. కాకినాడ దిక్కు మనిషి. ప్లాస్టిక్‌కు బదులు మక్కపిండితోటి క్యారీబ్యాగు చేయాలని మూడేండ్లు తిప్పలు పడి చేసిండు. ఎవరొచ్చినా దాంట్ల గోరంత ముక్క నోట్లె ఏసుకొని నమిలేటోడు. "మట్టికీ మనిషికీ ఏ హానీ లేదండీ" అనుకుంట మింగేటోడు. మేం ఎనుక నిలబడి నవ్వుకునేటోళ్లం.

ఆ సంచికి అయ్యే ఖర్చు ఓనర్‌కు నచ్చలే. ఉప్పల్ నుంచి పెద్ద దుకాణపోళ్లు చూడనీకి వస్తున్నరంటే, మామూలు ప్లాస్టిక్ సంచి మీదనే ఆకు బొమ్మ అచ్చేయించిండు.

"దీన్నే ముక్కలు కోసి ప్లేట్ల పెట్టు. సారుకు చెప్పకు" అన్నడు నాతోటి. నేను అట్లనే పెట్టిన.

దుకాణపోళ్లు వచ్చినంక సారు వాళ్లతోటి మాటల్ల పడి, చూడకుంటనే ముక్క నోట్లె ఏసుకున్నడు. రెండుసార్లు నమిలి ఆగిండు. నా దిక్కు చూసిండు. నేను తల వంచుకున్న. ఆయన ఇంకొంతసేపు నమిలి, నీళ్లడిగి మింగిండు. వచ్చినోళ్లు ఆర్డర్ ఇచ్చి పోయిన్రు.

సారు నల్లా కాడ నోరు కడుక్కుంటుంటే పోయి అడిగిన. "తెలిసి కూడ ఎందుకు మింగిన్రు సార్? ఉమ్మేస్తే అయిపోతుండె కదా."

"అందరి ముందూ ఉమ్మేస్తే, రేపు నా అసలు సంచిని ఎవరు నమ్ముతారయ్యా?" అన్నడు.

ఆ అసలు సంచి మళ్ల తయారు కాలే. ఆర్డర్ దొరికినంక ఓనర్‌కు సారుతోటి పని లేకపోయె. నెల తిరగకముందే తీసేసిండు. సారు గేటు దాటుతుంటే నేను ఆకు బొమ్మ సంచులే కోస్తున్న. మిషన్ ఆపి లేవలే.