కల్యాణిలో నేను ఆగే చోటు

తెనాలిలో పిల్లల సంగీత పోటీలు జరుగుతుంటే, నా శిష్యురాలొకతె వీణ వాయిస్తుందని వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నాను. ఇంటర్ చదివే పిల్ల, వేమూరు నుంచి బస్సులో వచ్చి నేర్చుకుంటుంది. కల్యాణి రాగం ఎత్తుకుంది. పాట మొదలయ్యే ముందు ఎవరికి వారు అప్పటికప్పుడు ఊహించుకుంటూ వాయించే ఆలాపన అది. నేను ఆ పిల్లకు ఆలాపన నేర్పనే లేదు, ఇంకా వర్ణాల దగ్గరే ఉంది. అయినా ఎంత చక్కగా వాయిస్తోందో! నా మనసు పొంగిపోయింది. న్యాయనిర్ణేత కూడా తల ఊపుతున్నారు.

అంతలో పై షడ్జం దాటాక ఒకచోట ఆగింది. తల కొంచెం పైకెత్తి, ఏదో ఆలోచిస్తున్నట్టు ఫ్యాన్ వైపు చూసి, మళ్ళీ అందుకుంది. ఆ ఆగడం నాది. ఆ చూపు కూడా నాదే. కచేరీల్లో నేను సరిగ్గా అక్కడే ఆగుతాను, ఇప్పుడే ఏదో తట్టినట్టు అలాగే పైకి చూస్తాను. చివరి గమకం దాకా ఆ పిల్ల వాయించిన సంగతులన్నీ, స్వరాలను తిప్పిన ఆ మలుపులన్నీ నావే.

తరువాత పిలిచి అడిగాను. వేరువేరు ఊళ్ళలో నేను చేసిన కచేరీలు మూడు ఫోన్లో రికార్డు చేసుకుని, ఇంటి దగ్గర సాధన చేసిందట. నేను తిడతానేమోనని బెదురుతూనే చెప్పింది. "మూడూ ఒకటేనండి టీచర్, అందుకే తొందరగా వచ్చేసింది," అంది. పొగడ్తగానే అంది, పాపం. బహుమతి కూడా వచ్చింది.

ఆ రికార్డులు తీసుకుని ఇంట్లో నేనూ విన్నాను. మక్కికి మక్కి. ఇన్నేళ్ళుగా జనం ముందు కూర్చుని, అప్పుడే పుట్టినట్టు వాయిస్తున్నదంతా ఎప్పుడో బట్టీ పట్టిన పాఠమన్నమాట. ఎప్పుడు ఇలా అయిపోయానో నాకే తెలియలేదు. సిగ్గేసింది. మా ఆయన రిటైర్డ్ లెక్చరర్. ఆయనతో చెబితే, తను కూడా సర్వీసంతా ఒకే పాఠం చెప్పానని, దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదని నవ్వారు. ఒళ్ళు మండిపోయింది. బాపట్లలో ఒప్పుకున్న కచేరీ ఒకటుంది, అక్కడ కూడా ఇదే కల్యాణి బయటికొస్తే ఇక వేదిక ఎక్కను, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఇంట్లో కూర్చుంటానని తేల్చి చెప్పాను. ఆయన్ని బెదిరించడానికి కాదు, నిజంగానే అనుకున్నాను.

మర్నాటి నుంచి మొండిగా సాధనకు కూర్చున్నాను. కింది నుంచి మొదలుపెట్టాను, పైనుంచి మొదలుపెట్టాను. ఎటు పోయినా నాలుగు సంగతులు తిరిగేసరికి వేళ్ళు పాత దారిలోకే దిగిపోయేవి, కళ్ళు ఫ్యాన్ వైపు లేచేవి. విసుగొచ్చి ఆ ఫ్యాన్‌ని తిట్టిన రోజు కూడా ఉంది.

ఈలోగా రేపల్లెలో ఒక గుళ్ళో వాయించాల్సి వచ్చింది. పొద్దుటి కచేరీ కాబట్టి సాయంత్రం రాగమైన కల్యాణి జోలికి పోలేదు గానీ, వాయించినదంతా పాతదే. తరువాత తెలిసినవాళ్ళింట్లో భోజనానికి ఆగాం. మే నెల ఎండ. మా ఆయన కారును ఎండలోనే వదిలేశారు, వెనక సీట్లో వీణ. వీణ మెట్లు మైనంలో నిలబడి ఉంటాయని ఆయనకు తెలియక కాదు, ధ్యాసంతా గోంగూర పచ్చడి మీదుంది. మేం తిని వచ్చేసరికి మైనం మెత్తబడి మెట్లు పక్కలకు ఒరిగిపోయాయి. రేపల్లె నుంచి తెనాలి దాకా ఆయన్ని సాధిస్తూనే ఉన్నాను. అడిగి మరీ రెండోసారి పెరుగు వేయించుకున్నది నేనేనన్న మాట మాత్రం ఎత్తలేదు.

మెట్లు మళ్ళీ నిలబెట్టడానికి పది పదిహేను రోజులు పడుతుందన్నారు. పిల్లలకని ఇంట్లో ఇంకో చిన్న వీణ ఉంది. దాని ముందు కూర్చుంటే అదే కల్యాణి వచ్చింది. వీణ మారినా వేళ్ళు అవే కదా. దాన్ని పక్కన పెట్టేసి వంటింట్లోకి పోయాను.

కొబ్బరి తురుముతూ కూనిరాగం తీశాను. నేను పాడను. నా గొంతు పనికిరాదని చిన్నప్పుడే తేల్చి వీణ ముందు కూర్చోబెట్టారు. వేళ్ళు అలవోకగా చేసేది ఈ గొంతుతో కాలేదు. నాలుగు స్వరాలకే ఊపిరి అయిపోయి ఆగాల్సి వచ్చేది. ఇది ఫ్యాన్ చూసి వేసే వేషం కాదు, నిజంగా చాతకాక ఆగడం. మళ్ళీ ఎక్కడ అందుకోవాలో తెలిసేది కాదు. కాసేపటికి ఏదో ఒక స్వరం దొరికేది, దాన్ని పట్టుకుని ఇంకొంచెం ముందుకు పోయేదాన్ని. ఒకరోజు పొద్దుటంతా ఒక్క గాంధారం దగ్గరే గడిచిపోయింది, కూర మాడింది. మా ఆయన వాసనకి లోపలికొచ్చి, నా మొహం చూసి, చప్పుడు కాకుండా స్టవ్ కట్టేసి వెళ్ళిపోయారు. కారు సంగతి ఆ రోజుతో క్షమించేశాను.

వీణ బాగై వచ్చాక బాపట్ల వెళ్ళాం. సాయంత్రం కచేరీ. నా శిష్యురాలు వాళ్ళమ్మతో వచ్చి, ఫోన్ సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. కల్యాణి ఎత్తుకున్నాను. లోపల పాడుకుంటూ, గొంతు పోగలిగినంత వరకే వేళ్ళను పోనివ్వాలని చూశాను. అవి వింటేనా! కట్టు విప్పిన దూడల్లా పాత చేలోకే లాగుతున్నాయి. ఎప్పుడూ ఆగే చోటు వచ్చింది. ఆగకుండా దాటేశాను. ఇంకొంచెం దూరం పోయాక నిజంగానే చిక్కుపడిపోయాను. చెయ్యి నిలిచిపోయింది. మృదంగం వాయించే ఆయన తలెత్తి చూశారు. భయమేసింది. మొదటి కచేరీ నాడు వేసిన భయం అది, ఇన్నేళ్ళలో మళ్ళీ వేయలేదు. పాత సంగతి ఒకటి వేళ్ళ కొసన సిద్ధంగా ఉంది, అది వాయించేస్తే గండం గడిచిపోతుంది. వాయించలేదు. గాంధారం మీద నిలబడి, లోపల ఊపిరి అందేదాకా ఆగాను. అందింది. అది నన్ను నేనెప్పుడూ వెళ్ళని వైపు, కింది స్వరాల్లోకి తీసుకుపోయింది. గొప్పగా వాయించానని చెప్పను. ఒకచోట అపస్వరం కూడా పడింది.

అంతా అయ్యాక వీణకు గలేబు తొడుగుతుంటే ఆ పిల్ల వచ్చింది, మొహం వేలాడేసుకుని. నాతోపాటే మనసులో వాయించుకుంటూ కూర్చుందట, సగంలో తప్పిపోయిందట.

"ఎటెళ్ళారో తెలియలేదండి టీచర్. ఇది నాకు రాదండి," అంది.

"నాకూ రాదమ్మా," అన్నాను.

నిజంగానే రాదు. ఆ మాట అంటుంటే సంతోషంతో కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంతలో కచేరీ పెట్టించిన ఆయన వచ్చి, వచ్చే ఏడు కూడా మీరే వాయించాలండీ అన్నారు. మా ఆయన నా వైపు తిరిగేలోపే సరేనన్నాను.