కాలిగోటిలో ఎరుపు

మా ముత్తాత చీపురుపల్లి దగ్గర మూడు ఊళ్ళకు మునసబు. మా తాత టాటానగర్ వచ్చి, వందమంది కూలీలను నడిపిన కాంట్రాక్టరు. సీతారాండేరాలో ఆయన కట్టిన మేడ ముందు కూలీలు సైకిలు దిగి నడిచి వెళ్ళేవారు. ఆ ఇంటి వారసుణ్ణి నేను. ఇరవై రెండేళ్ళుగా ఆసుపత్రుల్లో పిండికట్లు కడుతున్నాను. ఇవాళ ఉదయం ఒక ముసలాయన కాలికి కట్టు వేస్తుంటే, తడి పట్టీ గట్టిపడుతూ నా అరచేతుల కింద వెచ్చబడింది. ఆ వెచ్చదనం తగిలినప్పుడల్లా అప్పన్న గారే గుర్తుకొస్తారు.

నేను మొదట చేరిన ప్రైవేటు ఆసుపత్రిలో కట్ల గదికి ఆయన పెద్ద. ఆయన తండ్రి మా తాత ఊరి నుంచి తెచ్చిన కూలీల్లో ఒకడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే నేను ఆయన్ని ‘గారు’ అనేవాణ్ణి కాదు. ఆయన మాత్రం నన్ను ‘సిన్నబాబూ’ అనే పిలిచేవారు. అందులో మర్యాద ఎంతో, వెటకారం ఎంతో నాకు ఏనాడూ తేలలేదు.

చేరిన కొత్తలో ఒకరోజు మాంసం కొట్టు నుంచి మేక తొడ ఎముక తెచ్చి, రంపంతో నిలువునా చీల్చారు.

“ఎలగుంది?”

“ఎముకలా ఉంది.”

“అద్గదీ, సదువుకున్నోలి జవాబు,” అని నవ్వి, వేలు పెట్టి చూపించారు. పైన గట్టి గోడ. కొసల్లో తేనెపట్టులాంటి సందులు, వాటిలో ఎర్రటి మూలుగ. “నీ ఒంట్లో రగతం పుట్టీది ఇక్కడే.” కీలు దగ్గర, రాపిడి తగలకుండా, నున్నగా మెరిసే తెల్లటి మృదులాస్థి. ఎముకను ఎముకకు బిగించే పట్టీని, కండను ఎముకకు కట్టే తాడును లాగి చూడమన్నారు. చివరికి ఎముకను అంటుకుని ఉన్న పలుచని పొరను గోటితో లేపారు.

“విరిగిన ఎముక దానికదే కట్టుకుంటాది. ఈ పొరే పని మొదలెడతాది. మనం సేసీది ఏటీ నేదు, కదలకండా పట్టుకుంటాం. పట్టు మరీ బిగిసిందా, కింద రగతం ఆగిపోతాది.”

అందుకే కట్టు వేశాక వేలిగోరు నొక్కి చూడమనేవారు. నొక్కితే తెల్లబడి, వదలగానే ఎరుపు తిరిగి రావాలి. చేతివేళ్ళయితే నొక్కేవాణ్ణి. కాలివేళ్ళ కోసం మాత్రం వంగేవాణ్ణి కాదు. మా ఇంటి మగవాళ్ళు ఇంకొకరి కాళ్ళు పట్టుకోరు. నిలబడే చూసి, బాగుందనేవాణ్ణి.

బిర్సానగర్‌లో ఇళ్ళు కట్టే చోట తట్టలు మోసే పైడమ్మ మోకాలి కింద ఎముక విరిగి వచ్చింది. ఆమె మత్తులో ఉండగా కట్టు నేనే వేశాను. సాయంత్రం నన్ను పిలిచింది.

“బాబూ, కాలు మండిపోతన్నాది. కాలేళ్ళు నావి కానట్టున్నాయి.”

“కొత్త కట్టు అలాగే ఉంటుంది. పడుకో.”

మరునాడు పొద్దున్నే అప్పన్న గారు దుప్పటి తీసి ఆమె కాలిగోరు నొక్కారు. తెల్లబడ్డ గోరు తెల్లగానే ఉండిపోయింది. వెంటనే కట్టు కోసేశారు. కాలు దక్కింది. రెండు వేళ్ళు దక్కలేదు.

“కిస్‌నే బాంధా?” ఎవరు కట్టారని డాక్టరు అడిగాడు.

“మైనే, సాబ్,” తనేనని చెప్పారు అప్పన్న గారు.

నేను పక్కనే ఉన్నాను. మా మేడ అప్పుడు నా జీతం మీదే నిలబడి ఉంది.

ఆ రోజే ఆయన్ని పనిలోంచి తీసేశారు. గేటు దగ్గర మొదటిసారి ‘అప్పన్న గారూ’ అని పిలిచి, ఎందుకలా చెప్పారని అడిగాను.

“నువ్వు వంగవని నాకు తెలీదేటి? తెలిసీ, మీ తాత మొకం సూసి ఊరుకున్నాను. తప్పు నాదే కదా, సిన్నబాబూ.” ఈసారి అందులో వెటకారం లేదు.

మూడేళ్ళకు ఆయన పోయారు. పైడమ్మ కుంటుకుంటూ వెళ్ళి చూసి వచ్చిందట. ఆ కట్టు వేసింది ఎవరో ఆమెకు ఇప్పటికీ తెలియదు. నేను వెళ్ళలేదు.

ఇవాళ ఆ ముసలాయన ముందు నేల మీద మోకాళ్ళు ఆనించి, పాదం ఒళ్ళోకి తీసుకుని, ఒక్కొక్క గోరూ నొక్కాను. ఎరుపు తిరిగి వచ్చేదాకా కళ్ళు తిప్పుకోలేదు. అయిదు వేళ్ళూ.

మా మేడ, అప్పన్న గారిని పనిలోంచి తీసేసిన మరుసటి ఏడే అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు దాన్ని కూలగొట్టి, తలుపులు, కిటికీలు విడిగా అమ్ముకున్నారు.